ల్యాప్‌టాప్‌కు మార్కులు వేయాల్సింది ఎవరు?

(సొసైటీ వార్షిక సభలో విద్యా ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)





కార్యదర్శి గారు మాకిచ్చిన అంశం ‘విద్యార్థులకు ల్యాప్‌టాప్‌ల ఎంపిక’. ముందే ఒక మాట చెప్పాలి. ఎంపిక కమిటీలో ఉన్న ముగ్గురమూ కంప్యూటర్ చదివినవాళ్లం కాము. ఒకరు లెక్కలు, ఒకరు సైన్సు, ఒకరు సోషల్ చెప్పేవాళ్లం. మేము బీఈడీ చేసే రోజుల్లో కంప్యూటరంటే ఏసీ గదిలో, చెప్పులు బయట విడిచి వెళ్లి చూసొచ్చే వస్తువు. కాబట్టి ఈ పూట మేము చెప్పబోయేది నిపుణుల మాట కాదు. దాతల డబ్బుతో మేము చేసిన ఒక తప్పు, దాన్ని దిద్దుకోవడానికి పడిన తంటాలు. ఇదంతా ఇలా సభలో చెప్పాలా అని కమిటీలో కొంచెం చర్చ జరిగింది. డబ్బు మీది కాబట్టి చెప్పాల్సిందేనని అనుకున్నాం.

కరోనా రెండో ఏడాది, అంటే 2021లో, మొదటిసారి తొమ్మిది ల్యాప్‌టాప్‌లు కొన్నాం. అప్పుడు పిల్లల క్లాసులన్నీ ఫోన్లోనే. ముగ్గురు పిల్లలున్న ఇంట్లో ఒక్క ఫోనుంటే ఎవరి క్లాసు ఎవరు వింటారు? దాతలు ఉదారంగా ఇచ్చారు. మేము విజయవాడ వెళ్లి ఒక పెద్ద దుకాణంలో కొన్నాం. కొత్తవి, పెట్టె సీలు విప్పనివి, వెండి రంగు, పల్చగా ముచ్చటగా ఉన్నాయి. ఒక్కొక్కటి 24 వేల లోపు. ఏడాది వారంటీ. పది సెకన్లలో ఆన్ అవుతుందని అక్కడి కుర్రాడు చూపించాడు కూడా. తొమ్మిదీ ఒకేరకం కొంటే తగ్గింపు ఇస్తామన్నారు. లెక్కల పంతుళ్లం, తగ్గింపు చూసుకున్నాం. ఇదే హాల్లో పంచాం. ఆ ఫోటో ఆ ఏడాది సంచికలో ఉంది, పాత ప్రతి ఇంట్లో ఉంటే తీసి చూడండి. అందరమూ నవ్వుతూనే ఉన్నాం.

ఏడాదిన్నర తర్వాత మాలో ఒకరం జాకెట్టు కుట్టించుకోవడానికి ఒక ఇంటికి వెళ్లాం. ఆ ఇంటి అమ్మాయి తొమ్మిది మందిలో ఒకతి, అప్పటికి బీటెక్ రెండో సంవత్సరం. కుట్టు మిషన్ పక్కన మేమిచ్చిన ల్యాప్‌టాప్ కనిపించింది. దాని మీద లైనింగు గుడ్డల కట్ట పెట్టి ఉంది. ‘ఇదేమిటమ్మా, పాప హాస్టలుకు తీసుకెళ్లలేదా?’ అని అడిగితే ఆ తల్లి కత్తెర పక్కన పెట్టి కాసేపు మాట్లాడలేదు. చివరికి చెప్పింది. కాలేజీలో చెప్పే సాఫ్ట్‌వేర్ అందులో పడటం లేదట. మొదటి ఆరు నెలలు అమ్మాయి స్నేహితురాలు పడుకున్నాక ఆమె ల్యాప్‌టాప్ తీసుకుని రాత్రి పూట అసైన్‌మెంట్లు చేసుకుందట. చివరికి తల్లి చెవి దిద్దులు తాకట్టు పెట్టి ఇంకొకటి కొన్నారట.

‘మాకెందుకు చెప్పలేదమ్మా?’

‘ఎట్లా చెప్పమంటారు టీచరమ్మా. పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని పోట్లాడినట్టు ఉండదూ?’

ఆ మాట మాకు గట్టిగా తగిలింది. బజార్లో కొన్న వస్తువు బాగా లేకపోతే మనం దుకాణం ముందు నిలబడి అరుస్తాం, నలుగురికీ చెబుతాం. ఊరికే వచ్చిన వస్తువు బాగా లేకపోతే నోరు మూసుకుంటాం. అంటే, మేము పంచిన వాటి మీద ఒక్క ఫిర్యాదూ రాలేదని రెండేళ్లుగా సభలో గొప్పగా చెప్పుకున్నామే, అది మా ఎంపిక గొప్పతనం కాదు. వాళ్ల మర్యాద.

ఆ వారమే మిగిలిన ఎనిమిది ఇళ్లకూ వెళ్లాం. బీకాం చదివే ఇద్దరికి ఆ మిషన్ బాగానే ఉపయోగపడుతోంది. టైపింగు, ట్యాలీ, కొంచెం ఇంటర్నెట్, వాళ్లకంతే కావాలి. ఒకటి అమ్ముకున్నారు, ఆసుపత్రి ఖర్చుకు. వాళ్లను తప్పు పట్టే మనసు మాకు రాలేదు. ఒకదాని మూత కీలు విరిగి తెర వేలాడుతోంది. ఒకదాంట్లో చంటిపిల్లలు బొమ్మల సినిమాలు చూస్తున్నారు. మిగతా మూడూ బీరువాల్లో, గుడ్డలో చుట్టి, కొన్నప్పటి అట్టపెట్టెతో సహా భద్రంగా ఉన్నాయి.

ఆ మూడింటి సంగతి ముందు చెబుతాం. అవి పాడు కాలేదు. మేము పంచినప్పుడు వంద రూపాయల స్టాంపు కాగితం మీద తండ్రి చేత సంతకం పెట్టించుకున్నాం, ‘చదువు పూర్తయ్యాక మంచి స్థితిలో తిరిగి అప్పగిస్తాను’ అని. ఒకే మిషన్ ఇద్దరు ముగ్గురికి పనికొస్తుందని మా ఆలోచన. ఆ ఇళ్లలో అది భయమై కూర్చుంది. గీత పడితే? పిల్లాడు కింద పడేస్తే? 24 వేలు ఎక్కడినుంచి తెచ్చి కట్టాలి? అందుకని వాడటమే మానేశారు. ఒక తండ్రి మమ్మల్ని చూడగానే బీరువా తాళం తీసి, ‘చూడండి సార్, మీరిచ్చినది ఇచ్చినట్టే ఉంది’ అని సంతోషంగా చూపించాడు. ఆయనకు ఏం చెప్పాలో మాకు తోచలేదు.

ఈ విషయం మస్జిదులో ఒక ఆలిమ్ సాహెబ్‌ను అడిగితే ఆయన ఒక్క ముక్కలో తేల్చారు. జకాత్ సొమ్ముతో కొన్నది పుచ్చుకున్నవారి సొంతం చేయాలి, దీన్ని ఫిఖహ్‌లో తమ్లీక్ అంటారు, తిరిగి ఇమ్మంటే అది ఎరువు ఇచ్చినట్టవుతుందిగానీ ఇచ్చినట్టు కాదన్నారు. అప్పటినుంచి స్టాంపు కాగితం మానేశాం. ఇప్పుడు ఇచ్చే రోజునే బిల్లు, వారంటీ కార్డు విద్యార్థి పేరు మీద రాయించి ఇస్తున్నాం. సొంతదన్నాక కొందరు పాడు చేసుకుంటారు, నిజమే. బీరువాలో పడుండటం కంటే వాడి పాడవడం నయమని మేము అనుకుంటున్నాం. కమిటీలో ఒకరు ఇప్పటికీ ఒప్పుకోలేదు. ఆయన అభిప్రాయం ఆయనది.

ఇక ఆ వెండి రంగు మిషన్ ఎందుకు పనికిరాలేదు? తల్లులకు అర్థమయ్యేలా చెబుతాం. ల్యాప్‌టాప్‌లో ర్యామ్ అంటే వంటగట్టు. స్టోరేజి అంటే సామాన్ల కొట్టు. గట్టు ఇరుకైతే ఒక గిన్నె దించాకగానీ ఇంకొకటి పెట్టలేం, వంట ఆలస్యమవుతుంది. మేము కొన్నదానిలో గట్టు 4 జీబీ. కొట్టు 64 జీబీ. అందులో సగం దాకా విండోస్‌కూ దాని తాలూకు ఫైళ్లకే పోతుంది. పైగా ఏడాదికోసారి పెద్ద అప్‌డేట్ వస్తుంది. దానికి ఖాళీ చోటు కావాలి. చోటు లేక అప్‌డేట్ సగంలో ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది, మిషన్ ఈడుస్తుంది. పోనీ పెంచుదామంటే కుదరదు. ఆ రకంలో ర్యామ్, స్టోరేజి రెండూ బోర్డుకు టంకం వేసి అతికించి వస్తాయి. వెనక నట్లు విప్పిన మెకానిక్ మమ్మల్ని చూసి, ‘ఇందులో మార్చడానికి ఏమీ లేదండీ’ అన్నాడు. దుకాణంలో పది సెకన్లలో ఆన్ అయిందంటే, అప్పటికి అందులో ఏమీ లేదు కాబట్టి. ఖాళీ ఇల్లు ఊడవడం ఎంతసేపు!

అప్పుడు మేము మాకు తెలిసిన పనే చేశాం. మార్కుల కాగితం ఒకటి తయారు చేశాం. ల్యాప్‌టాప్‌లకు మార్కులు వేసేవాళ్లకు కొదవలేదు. ఇంటర్నెట్‌లో నక్షత్రాలు ఉంటాయి, యూట్యూబ్‌లో కుర్రాళ్లు ఉంటారు. అయితే ఆ నక్షత్రాలు చాలావరకు పెట్టె విప్పిన వారంలోపు వేసినవి. బడిలో జూన్ నెలలోనే పిల్లవాడికి వార్షిక పరీక్ష మార్కులు వేస్తామా? కనీసం ఏడాది వాడినవాళ్ల చేతే వేయించాలని అనుకున్నాం. మా తొమ్మిది మందినీ, వాళ్ల స్నేహితులనూ, మా బడి పూర్వ విద్యార్థులనూ కూర్చోబెట్టి అడిగాం. సోషల్ మాస్టారు ముందుగా ప్రాసెసర్‌కే 40 మార్కులు పెట్టారు. పిల్లలు ఒప్పుకోలేదు.

వాళ్లు చెప్పినవి ఏ దుకాణంలోనూ వినలేదు. ఛార్జరు పిన్ను వదులవుతుంది, చేత్తో పట్టుకుంటేగానీ ఎక్కదు అని ఒకరు. హాస్టలు గదిలో నలుగురికి ఒకటే ప్లగ్గు, బ్యాటరీ మూడు గంటలు నిలవకపోతే దండగ అని ఒకరు. కీబోర్డులో ఒక్క అక్షరం పోయినా మొత్తం కీబోర్డు మార్చాలన్నారు, దానికి రెండు వేలపైన. రోజూ ఆర్టీసీ బస్సులో ఒళ్లో పెట్టుకుని వెళ్లే అమ్మాయికి రెండున్నర కిలోల బరువు బరువే. ఆరుబయట కూర్చుంటే తెర కనబడదని ఒకరు, వేసవిలో ఫ్యాను మోత భరించలేమని ఒకరు. చివరకు మా కాగితంలో ర్యామ్, ఎస్‌ఎస్‌డీలకు కలిపి 30, బ్యాటరీకి 20, కీలు, కీబోర్డు, పిన్ను లాంటి ఒళ్లు గట్టిదనానికి 20, ప్రాసెసర్‌కు 15, మన ఊళ్లో రిపేరు దొరకడానికి 10, తెరకు 5. అందానికి సున్నా. ఇంజినీరింగు పిల్లలకైతే ప్రాసెసర్ మార్కులు పెంచుతాం, డిగ్రీ పిల్లలకు బ్యాటరీ మార్కులు పెంచుతాం. ఇదే వేదమని అనడం లేదు. ఏటా మారుస్తూనే ఉన్నాం.

ప్రాసెసర్ గురించి ఒక సంగతి మాత్రం అందరూ తెలుసుకోవాలి. ‘ఐ7 అండీ, తక్కువకే ఇస్తున్నాం’ అంటే పడిపోకండి. ఐ3, ఐ5, ఐ7 అనేది ఒకే తరంలో అన్నదమ్ముల వరస మాత్రమే. ఏ తరమో ఆ పక్కనున్న సంఖ్య చెబుతుంది. ఐ5-8250యు అని ఉంటే మొదటి 8 అంటే ఎనిమిదో తరం. ఐ5-1135జీ7 అంటే పదకొండో తరం. ఏడో తరం ఐ7-7500యులో కోర్లు రెండే. ఎనిమిదో తరం ఐ5-8250యులో నాలుగు. అంటే తమ్ముడు ఐ5 అన్న ఐ7 కంటే ఎక్కువ పని లాగుతాడు. 2023 చివరి నుంచి వస్తున్న కోర్ అల్ట్రా రకాల్లో ఈ ఐ అక్షరమే తీసేశారు, కాబట్టి ఈ లెక్క పాతవాటికే.

మార్కుల కాగితం పట్టుకుని చూస్తే మా బడ్జెట్లో కొత్తవేవీ పాసు కాలేదు. పాసైనవి పాతవి. కంపెనీలు తమ ఉద్యోగులకిచ్చి మూడు నాలుగేళ్ల తర్వాత తీసేసే థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ లాంటివి. వీటిని ఆఫీసుల కోసం గట్టిగా చేస్తారు. చాలా మోడళ్లలో వెనక మూత విప్పి ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, బ్యాటరీ మార్చుకోవచ్చు. కొన్నిట్లో ర్యామ్ అతికించే వస్తుంది, అది చూసుకోవాలి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ అని కంప్యూటర్ దుకాణాల సముదాయం ఉంది. రాత్రి రైలెక్కి తెల్లారేసరికి అక్కడ దిగడం మాకు ఇప్పుడు అలవాటైపోయింది. దాతల్లో ఒకాయన, ‘సెకండ్ హ్యాండువి ఇస్తారా, పేదవాళ్లంటే అంత చులకనా?’ అని కోప్పడ్డారు. ఆ కోపం న్యాయమైనదే. మేము ఆయన్ను ఇంటికి పిలిచి పాత థింక్‌ప్యాడునూ, మా వెండి రంగు కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి ఒకే పని రెండింటిలో చేయించాం. ఆయన టీ తాగడం అయిపోయింది, వెండి రంగుది ఇంకా తిరుగుతూనే ఉంది. మరుసటి నెల రెండు మిషన్లకు డబ్బు పంపారు.

పాతదాంట్లో మోసాలూ ఉన్నాయి. ఒక దుకాణంలో కొన్నది ఒకటి నెల రోజులు బాగానే పని చేసింది. ఏదో వైరస్ వచ్చిందని ఆ అబ్బాయి విండోస్ కొత్తగా వేయించాడు. ఇంటర్నెట్‌కు కలపగానే తెర మీద ఏదో కంపెనీ పేరు వచ్చి, ఉద్యోగి ఈమెయిలు, పాస్‌వర్డు అడిగింది. ఆ కంపెనీ తన జాబితా నుంచి ఆ మిషన్‌ను తొలగించకుండానే అమ్మేసిందన్నమాట. దుకాణంవాళ్లు మాకు సంబంధం లేదన్నారు. ఆ డబ్బు పోయింది. కమిటీ సభ్యులమే ముగ్గురం కలిసి వేసుకుని ఆ అబ్బాయికి వేరేది కొన్నాం. ఇప్పుడైతే దుకాణంలోనే కూర్చుని విండోస్ మళ్లీ వేయించి, మా ఫోను నుంచి ఇంటర్నెట్ కలిపి చూశాకే డబ్బు ఇస్తున్నాం. బయోస్‌కు పాస్‌వర్డు ఉందేమో చూస్తాం. ప్రతి అక్షరం నొక్కి చూస్తాం. తెల్ల బొమ్మ పెట్టి తెర మీద మచ్చలు వెతుకుతాం, పెళ్లిచూపులకు వెళ్లినట్టే ఉంటుంది. బ్యాటరీకి ఒక చిట్కా ఉంది. కమాండ్ విండోలో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఖాళీ వదిలి, అడ్డగీతతో బ్యాటరీరిపోర్ట్ అని కలిపి రాస్తే ఒక నివేదిక వస్తుంది. తయారైనప్పుడు ఎంత పట్టేది, ఇప్పుడు ఎంత పడుతోంది అని రెండు అంకెలు అందులో ఉంటాయి. 50 పట్టేది 40 పడితే సరే. 25కు దిగితే బ్యాటరీ ఖరీదు తగ్గించమని బేరమాడాలి. ఆ కమాండ్ ఆంగ్లంలో ఎలా కొట్టాలో మా పిల్లలు మీ ఫోన్లో రాసిపెడతారు.

ఎనిమిదో తరానికి దిగువది కొనకపోవడానికి ఇంకో కారణం ఉంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కొన్ని మినహాయింపులు తప్ప ఎనిమిదో తరానికి ముందున్న ఇంటెల్ ప్రాసెసర్లను ఒప్పుకోదు. అంతకు ముందువి మన పిల్లల దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. వాటిని పారేయొద్దు. మేము ఐదింట్లో లినక్స్ మింట్ వేశాం. అది ఉచితం, తేలిక, అందులో రాతకోతలకు లిబ్రేఆఫీస్ ఉంటుంది, తెలుగు, ఉర్దూ రెండూ టైపు చేసుకోవచ్చు. బీఏ చదివే ఒకబ్బాయి మొదట వారం రోజులు మమ్మల్ని తిట్టుకున్నాడు, ఇప్పుడు వాడే మిగతావాళ్లకు వేసి పెడుతున్నాడు.

వస్తువు ఇస్తే చదువు వచ్చేస్తుందని మాత్రం మేము అనడం లేదు. 2005లో నెగ్రోపాంటే అనే అమెరికా ప్రొఫెసర్ వంద డాలర్లకే పిల్లవాడికో ల్యాప్‌టాప్ అని ఒక ఉద్యమం మొదలుపెట్టారు. పెరూ దేశం వాటిని లక్షల్లో కొని పల్లె బడుల పిల్లలకు పంచింది. తర్వాత అక్కడ పరిశోధకులు పరీక్ష పెట్టి చూస్తే లెక్కల్లో, భాషలో పిల్లలు మెరుగైన దాఖలా కనిపించలేదు. పంచారుగానీ దాంతో ఏం చేయాలో టీచర్లకు నేర్పడం మీద అంత శ్రద్ధ పెట్టలేదు. మా తొమ్మిదీ ఏ మాత్రం? ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) 2018 నుంచి రెండు రాష్ట్రాల్లోనూ కంప్యూటర్ మీదే రాస్తున్నారు. మౌసు పట్టడమే తెలియని పిల్ల మూడు గంటల్లో 160 ప్రశ్నలు ఎలా రాస్తుంది? అందుకే రెండేళ్లుగా మిషన్ ఇచ్చే ముందు పది ఆదివారాలు బడిలో కూర్చోబెట్టి టైపింగు, ఫైళ్లు దాచుకోవడం, నమూనా పరీక్ష రాయడం నేర్పుతున్నాం. పది వారాలూ వచ్చినవారికే మిషన్. ఈ షరతు మీద మాకు చాలా తిట్లు పడ్డాయి, మాకేం బాధ లేదు.

ఇంకొక్కటి, తండ్రులు, అన్నలు మన్నించాలి. అమ్మాయి పేరు మీద ఇచ్చిన ల్యాప్‌టాప్ సాయంత్రం ఏడింటికి ఎవరి ఒళ్లో ఉంటోంది? మేము వెళ్లిన ఇళ్లలో నాలుగింట అన్నయ్య ఒళ్లో ఉంది, క్రికెట్ ఆట ఆడుతున్నాడు. చెల్లి వంటింట్లో ఉంది. బిల్లు ఎవరి పేరు మీద ఉందో వస్తువు వాళ్లది. పాస్‌వర్డు కూడా వాళ్లదే. ఇప్పుడు అమ్మాయిల చేత పాస్‌వర్డు మా ముందే పెట్టిస్తున్నాం, ఎవరికీ చెప్పొద్దంటున్నాం. ఒక అన్న వచ్చి, ‘మా ఇంట్లో గొడవలు పెడుతున్నారు మేడమ్’ అన్నాడు. అతన్నీ ఆదివారం క్లాసుకు రమ్మన్నాం. వచ్చాడు. ఈ ఏడు జాబితాలో అతని పేరూ ఉంది.

దిద్దులు తాకట్టు పెట్టిన ఆ తల్లికి సొసైటీ తరఫున ఆ డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. మార్కుల కాగితం తయారు చేసినప్పుడు అందరికంటే ఎక్కువ మాట్లాడింది వాళ్ల అమ్మాయే. ఇప్పుడు చెన్నైలో ఉద్యోగం. పోయిన నెల ఫోను చేసి, ఆఫీసువాళ్లు పాత మిషన్లు ఆరు తీసేస్తున్నారు, కంపెనీ జాబితా నుంచి తొలగించి ఇస్తామంటున్నారు, కావాలా అని అడిగింది. ‘ముందు బ్యాటరీ నివేదికలు పంపు’ అన్నాం. నవ్వి, అప్పటికే తీసిపెట్టిన ఆరు నివేదికలూ పంపింది. నాలుగు పాసు, రెండింటికి బ్యాటరీలు మార్చాలి.

దరఖాస్తు ఫారం ఈ సంచిక చివరి పేజీలో ఉంది. దాని వెనక వైపు మార్కుల కాగితం వేయించాం. ఇప్పటికే మా దగ్గర తీసుకున్నవాళ్లు దాన్ని నింపి ఇవ్వాలి, పేరు రాయనవసరం లేదు, మంచిగా రాయాలని అసలే లేదు. వచ్చే ఆదివారం పదింటి నుంచి మేము బడిలో ఉంటాం, మెకానిక్ కూడా వస్తున్నాడు. మొరాయిస్తున్న మిషన్లుంటే పట్టుకురండి. ఛార్జరు మరచిపోకండి, పోయినసారి సగం మంది తేలేదు.